తల్లి వేలిముద్ర పడాల్సిన చోటు

తమ పిల్లలు కాని పిల్లలకు జీతం తీసుకోకుండా, క్రమం తప్పకుండా తోడు నిలిచే పెద్దలను మెంటర్లు అంటున్నారు. వారానికోసారి కలిసి మాట్లాడటం, లెక్కల్లో వెనకబడితే కూర్చోబెట్టి చెప్పడం, పదో తరగతి తర్వాత ఏ దారి పట్టాలో తోచనప్పుడు కాలేజీ దాకా వెంట వెళ్లడం, భయమేస్తే చెప్పుకోవడానికి ఒక మనిషిగా ఉండటం, ఇవన్నీ ఆ పనిలోకి వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీరు అనగానే 2019లో మొదలైన గ్రామ, వార్డు వాలంటీర్ల వ్యవస్థ గుర్తొస్తుంది. వాళ్లు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం మీద ప్రభుత్వ పథకాల పని చేసినవారు. ఇక్కడి చర్చ వాళ్ల గురించి కాదు. ఉద్యోగమో చదువో చేసుకుంటూనే తీరిక వేళల్లో కొంత ఒక పిల్లకో పిల్లవాడికో ఇచ్చేవారి గురించి.

ఈ పని మంచిదేనన్న దగ్గర ఎవరికీ పేచీ లేదు. అది ఎలా పని చేస్తుందన్న దగ్గరే పేచీ. సేవాసంస్థల కరపత్రాల్లో, కంపెనీల సామాజిక బాధ్యత నివేదికల్లో, చందాలు అడిగే వీడియోల్లో ఒకే కథ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తండ్రి తాగుతాడు, తల్లికి అక్షరం ముక్క రాదు, ఇంట్లో పుస్తకం లేదు, చదువుకోమని చెప్పే నాథుడు లేడు. కాబట్టి పిల్లవాడిని వారానికి కొన్ని గంటలైనా ఆ వాతావరణం నుంచి తప్పించి, చదువుకున్న మనిషి పక్కన కూర్చోబెడితే, ఇల్లు ఇవ్వలేనిది ఆ మనిషి ఇస్తాడు. ఈ కథలో అడ్డంకి ఇల్లు, రక్షకుడు వాలంటీరు. ఇంత విస్తారంగా చెల్లుబాటవుతున్న ఈ అభిప్రాయం పునాదిలోనే తప్పు. వాలంటీరు వల్ల పిల్లలకు జరిగే మేలులో పెద్ద భాగం వాళ్ల ఇంటి ద్వారానే జరుగుతుంది. ఇంటిని పక్కకు నెట్టిన చోట ఆ మేలు నిలవదు; కొన్నిచోట్ల కీడుగా కూడా మారింది.

ఈ అభిప్రాయం ఇప్పటిది కాదు. అమెరికాలో చార్లెస్ లోరింగ్ బ్రేస్ అనే మతబోధకుడు 1853లో న్యూయార్క్‌లో పిల్లల సహాయ సంఘం ఒకటి పెట్టాడు. వీధుల్లో తిరిగే వలస కుటుంబాల పిల్లలను బాగుచేయాలంటే వాళ్లను ఆ కుటుంబాలకూ ఆ పేటలకూ దూరంగా పంపాలన్నది ఆయన నమ్మకం. 1854 నుంచి 1929 దాకా దాదాపు 2 లక్షల మంది పిల్లలను రైళ్లెక్కించి మధ్య, పశ్చిమ రాష్ట్రాల రైతుల ఇళ్లకు పంపారు. వాటికి చరిత్రలో అనాథ రైళ్లన్న పేరు నిలిచింది. ఆ పేరే ఒక అబద్ధం. ఎక్కినవారిలో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికం వల్ల పిల్లలను సాకలేని తల్లి, చదివేవారి దృష్టిలో లేని తల్లిగా మారిపోయింది. ఉద్దేశం మంచిదే కావచ్చు. రైలు దిగిన ఊళ్లో వేదిక మీద వరుసగా నిలబడి, ఎవరు ఎంచుకుంటారా అని చూసిన పిల్లలకు ఆ మంచి ఉద్దేశం ఎంతవరకు అక్కరకొచ్చిందో ఆలోచించాలి.

మెంటరింగ్‌కు నేటి రూపం వచ్చింది అదే నగరంలో, 1904లో. బాలల కోర్టులో గుమస్తాగా పనిచేసే ఎర్నెస్ట్ కౌల్టర్, రోజూ బోనెక్కే పిల్లలను చూసి చలించి, ఒక చర్చి పురుషుల సంఘం ముందు మాట్లాడాడు. కోర్టుకు వచ్చే పిల్లవాడికి జైలులాంటి సంస్కరణాలయం కన్నా పట్టించుకునే ఒక పెద్దమనిషి ఎక్కువ అవసరమని ఆయన చెప్పిన మాటకు దాదాపు 40 మంది ముందుకొచ్చారు. బిగ్ బ్రదర్స్ ఉద్యమం అలా పుట్టింది. ఆడపిల్లల కోసం విడిగా పెరిగిన బిగ్ సిస్టర్స్‌తో అది 1977లో కలిసిపోయింది. ఈ రెండు పద్ధతుల మధ్య తేడా చిన్నది కాదు. రైళ్లు పిల్లవాడిని ఇంటికి దూరం చేశాయి. కౌల్టర్ పిలుపుకు లేచినవారు మాత్రం పిల్లవాడు రాత్రికి తన ఇంట్లోనే పడుకుంటాడని ఒప్పుకుని మొదలుపెట్టారు. సంస్థ పేరు కూడా అన్నయ్య, అక్కయ్య అన్న వరసలోనే ఉంది, తండ్రి, తల్లి అన్న వరసలో లేదు.

మెంటరింగ్ ఫలిస్తుందని చెప్పడానికి అందరూ చూపించే అధ్యయనం ఈ సంస్థ కార్యక్రమం మీద జరిగిందే. 10 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న 959 మందిని చీటీలేసినట్టు రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు వాలంటీర్లను జతచేసి, రెండో గుంపును నిరీక్షణ జాబితాలో ఉంచి, 18 నెలల తర్వాత పోల్చి చూశారు. ఫలితాలు 1995లో వచ్చాయి. వాలంటీరు తోడున్నవారిలో మత్తుమందుల జోలికి కొత్తగా వెళ్లేవారు 46 శాతం తగ్గారు, మద్యం మొదలుపెట్టేవారు 27 శాతం తగ్గారు. బడి ఎగ్గొట్టిన రోజులు దాదాపు సగానికి పడిపోయాయి. ఈ అంకెలు ప్రపంచమంతా తిరిగాయి, ఇండియాలోని సంస్థల కరపత్రాల్లోకీ వచ్చాయి. వాటి వెనక ఉన్న రెండో లెక్క మాత్రం ఎక్కడా తిరగలేదు.

జీన్ రోడ్స్ తన సహ పరిశోధకులతో కలిసి అదే 959 మంది సమాచారాన్ని తీసుకుని, మార్పు ఏ దారిన వచ్చిందో వెతికింది. ఆ వ్యాసం 2000లో అచ్చయింది. పిల్లలకు చదువు మీద పెరిగిన గౌరవం, తమ మీద తమకు పెరిగిన నమ్మకం, మెరుగుపడిన మార్కులు, వీటిలో చెప్పుకోదగ్గ భాగం వాలంటీరు నుంచి నేరుగా రాలేదు. ముందు తల్లిదండ్రులతో వాళ్ల సంబంధం బాగుపడింది, దాని వెంట ఇవి వచ్చాయి. వాలంటీరుతో మాట్లాడటం అలవాటైన పిల్లవాడు ఇంట్లో కూడా నోరు విప్పాడు; అమ్మ మాట వినడానికి, అమ్మకు తన మాట చెప్పడానికి దారి తెరుచుకుంది. రక్షకుడి కథను నమ్మేవారు తమకు అనుకూలమని చూపించే సాక్ష్యం, తీరా తెరిచి చదివితే, ఎదుటి పక్షాన సాక్ష్యం చెబుతోంది.

ఇలా కావడంలో ఆశ్చర్యం లేదు, గంటలు లెక్కేస్తే చాలు. ఆ అధ్యయనంలోని జంటల్లో ఎక్కువమంది నెలకు కనీసం మూడుసార్లు, కలిసినప్పుడల్లా మూడు నాలుగు గంటలు గడిపారు. నెలకు దాదాపు 12 గంటలు. నెలలో 720 గంటలున్నాయి. బడినీ నిద్రనూ తీసేసినా మిగిలిన సమయమంతా పిల్లవాడు ఇంట్లోనో ఇంటి చుట్టుపక్కలో ఉంటాడు. ఆ 12 గంటల్లో చెప్పింది ఇంట్లో గడిచే గంటల్లోకి ఇంకితేనే నిలుస్తుంది. సాయంత్రం ఏడున్నరకు టీవీ సౌండు తగ్గించేది తల్లి. చిన్నదాన్ని ఎత్తుకునే పని అక్క మీద పడకుండా చూడగలిగేది తల్లి, లేదా నాయనమ్మ. పరీక్షల వారం పత్తి ఏరడానికి తీసుకెళ్లాలా వద్దా అన్నది తేల్చేది తండ్రి. ఈ నిర్ణయాల్లో ఒక్కటీ వాలంటీరు చేతిలో లేదు. ఉండకూడదు కూడా.

తర్వాత వచ్చిన లెక్కలూ ఇదే వైపు మొగ్గాయి. డేవిడ్ డుబోయ్ బృందం అప్పటిదాకా వచ్చిన 55 మూల్యాంకనాలను కలిపి 2002లో చూసినప్పుడు, మెంటరింగ్ వల్ల కలిగే సగటు మేలు ఉన్నమాట నిజమేగానీ అది చిన్నదని తేలింది. ఏ కార్యక్రమాల్లో ఫలితం పెద్దదిగా ఉందో చూస్తే, వాలంటీర్లకు పని మొదలయ్యాక కూడా శిక్షణ కొనసాగించడం, ఎన్నిసార్లు కలవాలో ముందే తేల్చుకోవడం వంటి వాటి పక్కనే తల్లిదండ్రులను కలుపుకుపోవడం కూడా ఉంది. మరో పక్క, బడి ఆవరణలోనే కలిసి బడిలోనే విడిపోయే పద్ధతి మీద 1,139 మంది పిల్లలతో జరిగిన పెద్ద అధ్యయనం 2007లో వచ్చింది. మొదటి విద్యా సంవత్సరం చివర కనిపించిన మెరుగుదల రెండో ఏడాదికి చాలావరకు కరిగిపోయింది. దానికి కారణాలు అనేకం. బడి గేటు దాటి ఇంటి గడప దాకా వెళ్లని స్నేహానికి సెలవుల్లో నిలిచే చోటు దొరకదన్నది వాటిలో ఒకటిగా లెక్కించక తప్పదు.

తెలుగు నేల మీద ఈ వాదానికి గట్టి రుజువు రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఉంది. ఆచార్య మామిడిపూడి వెంకటరంగయ్య పేరు మీద 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, ఆయన మనవరాలు శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి అక్కడ బాలకార్మికులను బడికి చేర్చే పని చేపట్టింది. అప్పటికి అధికారులూ, మేధావులూ, చాలామంది ఉపాధ్యాయులూ ఒక్కమాటే అనేవారు: పేదరికం పోనిదే బాలకార్మికత పోదు, ఆ తల్లిదండ్రులకు చదువు విలువ తెలియదు. పిల్లవాడు జీతం ఉంటే తండ్రికి బయానా ముడుతుంది, ఆడపిల్ల ఇంట్లో ఉంటే చిన్నపిల్లలను చూసుకుంటుంది, ఇంక బడికి ఎందుకు పంపుతారన్నది ఆ వాదన. ఫౌండేషన్ దీన్ని ఒప్పుకోలేదు. బడిలో లేని ప్రతి పిల్లా పిల్లవాడూ బాలకార్మికులేనన్న నిర్వచనంతో మొదలుపెట్టి, ఊళ్లోనే ఉన్న యువకులను, యువతులను ఇంటింటికీ పంపింది. వాళ్లలో చాలామంది తమ ఇళ్లలో మొదటిసారి చదువుకున్నవారు. వెళ్లింది తల్లిదండ్రుల తప్పు పట్టడానికి కాదు, ఏమి అడ్డం వస్తోందో అడగడానికి.

అడిగితే తేలింది వేరు. చదువు వద్దనే తల్లి అరుదు. ఏడాది మధ్యలో పిల్లను తీసుకెళ్తే హెడ్మాస్టరు చేర్చుకుంటాడా, పుట్టిన తేదీ కాగితం లేకపోతే ఏం చేయాలి, పదేళ్ల పిల్లవాడిని ఒకటో తరగతిలో చంటిపిల్లల పక్కన ఎలా కూర్చోబెడతారు, బడి దాకా వెళ్తే పంతులు కసురుకుంటే ఏం చెప్పాలి, ఇవీ ఆ ఇళ్లను ఆపిన ప్రశ్నలు. పొలం నుంచి వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్న తల్లి ఒక వాలంటీరును అడిగే మాట సాధారణంగా ఇంతే ఉంటుంది: "గిప్పుడు సేరితె మావోనికి సదువు అబ్బుతదా బిడ్డా?" దానిలో ఉన్నది నిరాకరణ కాదు. ఆశ ఉంది, తన పిల్లవాడు నలుగురిలో నవ్వులపాలవుతాడేమోనన్న భయమూ ఉంది. ఆ భయానికి జవాబిచ్చే మనిషి దొరికితే అదే తల్లి మర్నాడు పొద్దున్నే పిల్లవాడి తల దువ్వి పంపుతుంది. వాలంటీరు అక్కడ చేసిన పని తల్లి స్థానంలో నిలబడటం కాదు, తల్లికీ బడికీ మధ్య ఉన్న అగాధం దాటించడం.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, దాన్ని దాటేయకూడదు. అదే ఫౌండేషన్ పిల్లలను నెలల తరబడి బ్రిడ్జి క్యాంపుల్లో, అంటే ఇంటికి దూరంగా, ఉంచింది కదా? ఉంచింది. పనికి అలవాటుపడిన పన్నెండేళ్ల పిల్లను వయసుకు తగిన తరగతిలోకి తేవడానికి అంతకన్నా వేగమైన దారి లేదు. కానీ క్యాంపు గమ్యం క్యాంపు కాదు. పిల్ల అక్కడి నుంచి మళ్లీ ప్రభుత్వ బడికే వెళ్లాలి. ఈలోపు ఊళ్లో వాలంటీర్లు తల్లిదండ్రులతో, ఉపాధ్యాయులతో, పంచాయతీతో మాట్లాడుతూనే ఉన్నారు. బాలల హక్కుల పరిరక్షణ వేదికలు, బాలకార్మిక విముక్తి కోసం ఉపాధ్యాయులు కట్టుకున్న వేదికలు ఆ పనిలోంచే పుట్టాయి. లక్షల మంది పిల్లలు పని నుంచి బడికి మళ్లడం ఇలా సాధ్యమైంది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె అవార్డు వచ్చింది; 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడినప్పుడు ఆమే తొలి అధ్యక్షురాలు. పేద తల్లిదండ్రులకు పిల్లల చదువు పట్టదన్న మాటను ఇన్ని ఊళ్లు కలిసి ఖండించాక కూడా, నగరాల్లో వాలంటీర్లకు ఇచ్చే తొలిరోజు శిక్షణలో ఆ మాటే వినిపించడం బాధాకరం.

ఇల్లు పక్కకు జరిగిపోవడం పెద్ద నిర్ణయాలతో మొదలవదు, చిన్న సౌకర్యాలతో మొదలవుతుంది. ప్రోగ్రెస్ కార్డునే తీసుకోవచ్చు. యూనిట్ పరీక్షల మార్కుల కింద తండ్రి లేదా సంరక్షకుని సంతకం అని ఒక గీత ఉంటుంది. తల్లి కూలికి వెళ్లింది, కార్డు రేపే ఇవ్వాలి, వాలంటీరు అక్క చేతిలో పెన్ను ఉంది. పిల్ల అడుగుతుంది, అక్క సంతకం పెడుతుంది. ఇద్దరికీ అందులో తప్పు కనిపించదు. కానీ ఆ రోజు నుంచి మార్కుల సంగతి చెప్పాల్సింది అమ్మకు కాదని పిల్లకు తెలిసిపోతుంది. గణితంలో 35కు 9 వస్తే ఆ కబురు ఇంటికి చేరదు. మూడో కార్డు నాటికి అమ్మకు ఏమీ తెలియదని పిల్ల నమ్ముతుంది. ఏమీ తెలియనిదాన్ని అమ్మ అడగడమూ మానేస్తుంది. దీనికి బదులు అక్క రాత్రి ఎనిమిదింటికి ఆ ఇంటికి వెళ్లి, బియ్యం ఏరుతున్న తల్లి పక్కన గడప మీద కూర్చుని, ఒక్కో సబ్జెక్టూ వేలు పెట్టి చూపిస్తూ మార్కులు చదివి వినిపించవచ్చు. పోయినసారి 6, ఈసారి 9 అని చెప్పవచ్చు. తల్లి అప్పుడు చేట పక్కన పెట్టి, చీర కొంగుకు చెయ్యి తుడుచుకుని, ఇంకు ప్యాడు మీద బొటనవేలు అద్ది ఆ గీత మీద ముద్ర వేస్తుంది. అరగంట పని. ఆ అరగంటలో తల్లి తన కూతురి చదువులోకి అడుగుపెట్టింది.

తల్లిదండ్రులు ఎదురుగా లేనిచోట ఈ వాదం చెల్లదని కొందరంటారు. గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్లలో పిల్లలు ఏడాదిలో ఎక్కువ భాగం ఇంటికి దూరంగా ఉంటారు, అక్కడ వాలంటీరే ఇల్లు అని వాళ్ల మాట. హాస్టలు గేటు దగ్గర తల్లిదండ్రులు చూడటానికి వచ్చే ఆదివారం ఒక్కసారి నిలబడితే ఈ మాట అనలేరు. తెల్లవారుజామున బస్సెక్కి, రెండు బస్సులు మారి, స్టీలు క్యారేజీలో కోడికూర, పూరీలో గారెలో మూటగట్టుకుని వస్తారు. చెట్ల కింద దుప్పటి పరిచి పిల్లలకు తినిపిస్తారు, ఆడపిల్లల తలకు నూనె రాసి జడలేస్తారు, సబ్బులు, కొబ్బరినూనె సీసా, చిల్లర డబ్బులు ఇస్తారు. సాయంత్రం గేటు మూసేదాకా ఉంటారు. వాలంటీర్లలో ఎక్కువమంది ఆ ఆదివారం రారు; తల్లిదండ్రులు వస్తారు కాబట్టి తమ అవసరం లేదనుకుంటారు. నిజానికి నెలంతటిలో వాళ్లు తప్పకుండా రావాల్సిన రోజు అదొక్కటే. ఇంటర్మీడియెట్‌లో ఏ గ్రూపు తీసుకోవాలన్న మాట ఆ దుప్పటి మీద తండ్రి, కూతురు, వాలంటీరు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకుంటే, వేసవి సెలవుల్లో పెళ్లి ప్రస్తావన వచ్చినప్పుడు ఆ తండ్రికి చెప్పడానికి ఒక మాట ఉంటుంది.

కొన్ని ఇళ్లు నిజంగానే ప్రమాదకరం. కొట్టే తండ్రి ఉంటాడు. అంతకన్నా ఘోరమైనవీ జరుగుతాయి. ఈ వాదానికి వచ్చే జవాబుల్లో అన్నిటికన్నా బరువైనది ఇదే. అయితే అలాంటి ఇంటి విషయంలో వాలంటీరు చేయాల్సింది చట్టం ముందే చెప్పింది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం ఆదేశిస్తుంది. రక్షణ అవసరమైన పిల్లల సంగతి తేల్చడానికి జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉంది, బాలల సహాయవాణి నంబరు 1098 ఉంది. అలాంటి చోట వాలంటీరు తానే రక్షకుడినని బయలుదేరితే, నేరం దాగిపోవడానికి దారి తీస్తుంది. పైగా ఇంటివారి కళ్ల ముందు జరిగే తోడే పిల్లలకు భద్రమైన తోడు. పిల్లతో ఒంటరిగా, తల్లిదండ్రులకు తెలియకుండా గడిపే పెద్దమనిషిని ఏ సంస్థా నమ్మకూడదు, ఆయన ఎంత మంచివాడైనా. ఇంటిని దూరం పెట్టే పద్ధతి పిల్లల మీద నేరం చేయదలచినవారికే సదుపాయం. కొద్ది ఇళ్లలో జరిగేదాన్ని చూపించి మిగతా ఇళ్లన్నిటినీ అనుమానితుల జాబితాలో చేర్చడం న్యాయమూ కాదు, పిల్లలకు రక్షణా కాదు.

ఈ వాదానికి ఎదురుగా నిలబెట్టగల అధ్యయనం ఒకటుంది, దాన్ని దాచి మాట్లాడటం సరికాదు. హార్వర్డ్ వైద్యుడు రిచర్డ్ క్లార్క్ కాబట్ చొరవతో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 1939లో ఒక ప్రయోగం మొదలైంది. 506 మంది మగపిల్లలను జంటలుగా చేసి, ప్రతి జంటలో ఒకరికి సలహాదారును కేటాయించారు. సగటున ఐదున్నరేళ్ల పాటు సలహాదారు నెలకు రెండుసార్లు వెళ్లి కలిశాడు, చదువు చెప్పించాడు, ఆటలకు తీసుకెళ్లాడు, ఇంటి సమస్యల్లోనూ కల్పించుకున్నాడు, వేసవి శిబిరాలకు పంపాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత పరిశోధకురాలు జోన్ మెకార్డ్ దాదాపు వాళ్లందరినీ వెతికి పట్టుకుని 1978లో ప్రచురించిన ఫలితం అందరినీ నిలువునా కుదిపేసింది. సాయం పొందినవారిలో మూడింట రెండు వంతుల మంది అది తమకు మేలు చేసిందనే అన్నారు. కానీ సాయం పొందనివారితో పోలిస్తే వాళ్లలోనే మళ్లీ మళ్లీ నేరం చేసినవారు, తాగుడుకు బానిసలైనవారు, త్వరగా చనిపోయినవారు ఎక్కువ. కుటుంబాలు బాగా సహకరించిన చోటనే ఈ హాని కనిపించిందని ఆమె తర్వాత చూపించింది.

అంటే కుటుంబాన్ని కలుపుకోవడమే తప్పా? ఆ ప్రయోగంలో సహకారమన్న మాటకు అర్థమేమిటో చూడాలి. తలుపు తీయడం, సలహా వినడం, పిల్లవాడిని పంపమంటే పంపడం. నిర్ణయించేది సలహాదారు, ఒప్పుకునేది ఇల్లు. ఆ సలహాదారులు జీతం తీసుకుని పనిచేసిన ఉద్యోగులు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక వాళ్లలో చాలామంది మారిపోయారు, పిల్లవాడు ఒకరి తర్వాత ఒకరికి అలవాటుపడాల్సి వచ్చింది. వేసవి శిబిరాలకు ఒకటికి రెండుసార్లు వెళ్లినవారిలోనే కీడు పోగుపడిందని 1999లో వచ్చిన విశ్లేషణ తేల్చింది. అదుపు తప్పే అవకాశమున్న పిల్లలను ఇంటికి దూరంగా ఒకేచోట చేర్చితే వాళ్లు నేర్చుకునేది ఒకరి నుంచి ఒకరు. బయటివాళ్ల మీద ఆధారపడటం అలవాటైందని, ఇంట్లో నడిచే విలువలకూ సలహాదారు విలువలకూ మధ్య పిల్లలు నలిగి ఉండొచ్చని మెకార్డ్ ఊహించింది. ఇంటిని అడగకుండా దాని పనిని తమ చేతుల్లోకి తీసుకుంటే ఏమవుతుందో ఈ ప్రయోగం చూపిస్తుంది. మేలు జరిగిందని ఎక్కువమంది నమ్మిన గుంపే ఎక్కువగా దెబ్బతిన్నదన్నది వాలంటీర్లందరూ గుర్తుంచుకోవలసిన విషయం. పిల్లవాడి కృతజ్ఞత, మేలు జరిగిందనడానికి రుజువు కాదు.

బయటి పెద్దల తోడు ఎంత విలువైనదో చెప్పడానికి హవాయి దీవుల్లోని కవాయి అధ్యయనాన్ని కూడా తరచు ఉదహరిస్తారు. అక్కడ 1955లో పుట్టిన 698 మంది శిశువులను ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనించింది. చిక్కులు చుట్టుముట్టిన ఇళ్లలో పుట్టినవారిలో దాదాపు మూడోవంతు మంది నిలదొక్కుకుని, పనిమంతులైన పెద్దలుగా ఎదిగారు. వాళ్లకు తల్లిదండ్రులు కాక ఇంకో పెద్ద తోడు దొరికిందన్నది నిజం. ఆ పెద్దలెవరు? తాతలు, అమ్మమ్మలు, పిన్నులు, పొరుగువారు, ఊరి పంతుళ్లు. పిల్లవాడితో పాటు అతని తల్లిని కూడా ఎరిగినవారు, రేపు కూడా అదే వీధిలో ఉండేవారు. తెలుగు ఇళ్లలో మేనమామకూ పెద్దమ్మకూ ఉన్న చనువు కూడా ఈ రకందే. మేనమామ అక్క మీద కోపంతో పిల్లవాడిని దగ్గరకు తీయడు. అక్క కొడుకు కాబట్టే తీస్తాడు.

ఇక కాలం సంగతి. పరిశోధకులు గ్రాస్‌మన్, రోడ్స్ 2002లో ప్రచురించిన పరిశీలన ప్రకారం ఏడాదీ అంతకుమించీ సాగిన తోడు వల్ల పిల్లలు బాగా పుంజుకున్నారు. మూడు నెలల్లోపే తెగిపోయినచోట పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం మునుపటి కన్నా తగ్గింది. అసలు ఎవరూ రాకపోతేనే బాగుండేది. 2013 నాటి కంపెనీల చట్టం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలన్నాక, ఉద్యోగులను వాలంటీర్లుగా పంపడమూ పెరిగింది. త్రైమాసికానికో జట్టు, జట్టుకో హాస్టలు. ప్రాజెక్టు ముగియగానే జట్టు మారుతుంది. వచ్చేవారి మంచి మనసును శంకించడం లేదు, పద్ధతే తప్పు. ఇల్లు భాగస్వామిగా ఉన్నచోట వాలంటీరు వెళ్లిపోయినా పని ఆగదు, ఎందుకంటే పిల్ల చదువు ఎక్కడిదాకా వచ్చిందో తల్లికి తెలుసు. ఇల్లు లేని చోట వాలంటీరుతో పాటే అంతా వెళ్లిపోతుంది.

చట్టం ఈ పాటికే ఇంటి పక్షాన నిలబడింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం పిల్లల పెంపకంలో మొదటి బాధ్యత కుటుంబానిదేననీ, సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకున్నాకేననీ సూత్రంగా చెప్పింది. పిల్లవాడిని సంస్థలో చేర్చడానికి బదులు ఇంట్లోనే ఉంచి సాకేందుకు, 2022 నాటి మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఇవ్వవచ్చు. ఈ సాయం గురించి తెలియని అర్హుల ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దరఖాస్తు నింపించి, జిల్లా బాలల రక్షణ యూనిట్ దాకా తల్లి వెంట వెళ్లే వాలంటీరు, ఏడాది పాటు ఇంగ్లీషు చెప్పే వాలంటీరుకు ఏ విధంగానూ తీసిపోడు. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలని రాసింది. కాగితం మీద ఆ కుర్చీ తల్లిది. ఆమె అందులో కూర్చుని, మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఎందుకు రాలేదని అడగగలిగే ధైర్యం ఇవ్వడం కూడా పిల్లకు తోడు నిలవడంలో భాగమే.

కాబట్టి సంస్థలు పద్ధతి మార్చుకోవాల్సినవి కొన్ని స్పష్టంగా ఉన్నాయి. మొదటి పరిచయం బడిలో కాకుండా ఇంట్లో జరగాలి, పనికి వెళ్లొచ్చిన తర్వాత, ఇంటివారికి వీలైన వేళ. అసలు తమ పిల్లకు ఇంకో పెద్ద తోడు కావాలో వద్దో తల్లిదండ్రులను అడగాలి; వద్దంటే వద్దనే అర్థం. ఏడాదికి తక్కువ కాకుండా ఉండగలనని చెప్పలేనివారికి పిల్లలను అప్పగించకూడదు. శిక్షణలో పేదరికం గురించి ఉపన్యాసం తగ్గించి, ఒక తల్లితో ఆమె గడప మీద కూర్చుని ఎలా మాట్లాడాలో నేర్పాలి. ముందు ఆమె పేరు అడగాలి, ఫలానా వాడి తల్లి అనకుండా ఆ పేరుతోనే పిలవాలి, ఆమె ఇచ్చిన టీ తాగాలి. వాలంటీరు మానేయాల్సి వస్తే ఆ కబురు ఫోనులో పిల్లకు చెప్పి ఊరుకోకూడదు. మళ్లీ ఆ ఇంటికి వెళ్లి, ఇంతవరకు ఏం చేశారో తల్లికి చెప్పాలి. పిల్ల ఏ పాఠంలో ఆగిందో, ఏ స్కాలర్‌షిప్‌కు ఎప్పటిలోగా దరఖాస్తు చేయాలో, హెడ్మాస్టరు నంబరు ఏదో రాసిన నోటుపుస్తకం తల్లి చేతిలో పెట్టాలి. చదవడం ఆమెకు రాకపోతే పిల్లే చదివి వినిపిస్తుంది.